అడవికీ ఒక పరీక్ష

మీ సంచిలోని నోటుపుస్తకాన్ని ఒకసారి బయటికి తీయండి. వెనుక అట్టమీద, ధర అచ్చువేసిన చోటుకు దగ్గరలో, చిన్న గుర్తు ఏదైనా ఉందేమో చూడండి. కొన్ని పుస్తకాలమీద ఒక చెట్టు బొమ్మ కనిపిస్తుంది. ఆ చెట్టు అంచు, మాస్టారు సరైన జవాబుకు పెట్టే టిక్కు గుర్తుతో కలిసిపోయి ఉంటుంది. దాని పక్కనో కిందనో ఎఫ్.ఎస్.సి. అనే మూడు అక్షరాలు, ఒక సంఖ్య ఉంటాయి.

ఈ కాగితానికి కావలసిన కలపను అడవికి చేటు కలగకుండా తెచ్చారని ఆ గుర్తుకు అర్థం. బాగానే ఉంది. కాని ఆ మాట చెప్పింది ఎవరు? వాళ్ళకు ఎలా తెలిసింది? చెట్లను ఎవరైనా లెక్కపెట్టారా? కాగితం మిల్లువారు తమకు తామే ఆ టిక్కు పెట్టుకుంటే దానికి విలువేముంటుంది? మీ జవాబుపత్రాన్ని మీరే దిద్దుకున్నట్లు కాదా?

అందుకే అడవికీ ఒక పరీక్ష ఉంది. దాన్నే ఆడిట్ అంటారు. బ్యాంకులో డబ్బు లెక్కలను తనిఖీ చేసినట్లే, ఈ ఆడిట్‌లో అడవి లెక్కలను తనిఖీ చేస్తారు. ఆ పరీక్ష ఎలా జరుగుతుందో, అందులో మోసం ఎలా పట్టుబడుతుందో, ఒక్కొక్కప్పుడు ఎందుకు పట్టుబడదో తెలుసుకుందాం.

అసలు, వడ్డీ

మీ తాతగారు మీ పేర కొంత సొమ్ము బ్యాంకులో వేశారనుకోండి. ఏటా వచ్చే వడ్డీని మాత్రమే ఖర్చు పెట్టుకుంటే అసలు ఎప్పటికీ ఉంటుంది. వడ్డీ చాలక అసలులో చెయ్యి పెడితే, మరుసటి ఏడు వడ్డీ తగ్గుతుంది. ఆ పై ఏడు ఇంకా తగ్గుతుంది. చివరికి రెండూ ఉండవు.

అడవి కూడా అంతే. నిలిచి ఉన్న చెట్లు అసలు. అవి ఏటా లావెక్కి, పొడవెదిగి పెంచుకునే కలప వడ్డీ. ఒక ఉదాహరణ చూడండి. 1000 హెక్టార్ల అడవిలో హెక్టారుకు ఏటా సగటున 4 ఘనమీటర్ల కలప పెరుగుతోందనుకుందాం. అంటే ఏడాదికి 4000 ఘనమీటర్లు. 3500 ఘనమీటర్లు కొడితే అడవికి చేటులేదు. 5000 కొడితే అసలులో 1000 పోయినట్లే.

ఈ సంగతిని గ్రంథంగా రాసి పెట్టినవారిలో మొదటివాడిగా హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్‌ను చెబుతారు. ఆయన జర్మనీలోని సాక్సనీ రాజ్యంలో గనుల అధికారి. అక్కడి ఫ్రైబెర్గ్ ప్రాంతపు వెండి గనులకు, ఖనిజాన్ని కరిగించే కొలుములకు లెక్కలేనంత కలప కావలసివచ్చేది. చుట్టుపక్కల అడవులు తరిగిపోతున్నాయని, కలప లేకపోతే గనులే మూతపడతాయని ఆయన గ్రహించాడు. ఎంత పెరుగుతుందో అంతే కొట్టాలి అనే సూత్రంతో 1713లో అడవుల పెంపకంపై పెద్ద గ్రంథం ప్రచురించాడు.

మన దగ్గరా ఇలాంటి చిక్కు ఉంది. కొండపల్లి బొమ్మలను తెల్ల పొణికి అనే తేలికైన కర్రతో చేస్తారు. ఒకప్పుడు కొండపల్లి కొండల్లో సమృద్ధిగా దొరికిన ఈ చెట్లు తగ్గిపోవడంతో బొమ్మలు చేసేవారికి కర్ర దొరకడమే కష్టమైంది. కళ ఉంది, చేతులున్నాయి, కర్ర లేదు! అసలు తరిగిపోతే ఏమవుతుందో ఇంతకంటే వేరే చెప్పాలా?

ఇక అసలును కాపాడుకున్నవారి కథ. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో మెనోమినీ అనే ఆదివాసి జాతివారికి సుమారు 95 వేల హెక్టార్ల నేల ఉంది. అందులో అధికభాగం అడవే. 1854లో ఆ ప్రాంతం వారికి మిగిలింది. ముదిరిన చెట్లను, జబ్బుపడిన చెట్లను ముందుగా తీసి, ఎదిగే చెట్లను వదలడం వారి సంప్రదాయం. 1854లో ఆ అడవిలో ఎంత కలప ఉండేదో అంతకంటే ఎక్కువ కలపను వారు అప్పటినుంచి ఇప్పటివరకు కోసి అమ్ముకున్నారు. అయినా నేడు అక్కడ నిలిచి ఉన్న కలప 1854 నాటికంటే ఎక్కువే! చుట్టుపక్కల అడవులన్నీ నరికి పొలాలు చేసినా ఈ అడవి ఆకాశంనుంచి చూస్తే పచ్చటి దీర్ఘచతురస్రంలా కనిపిస్తుంది.

అడవిని కొలవడం ఎలా?

లక్షల చెట్లను ఒక్కొక్కటిగా కొలవడం అయ్యే పని కాదు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి గిన్నెలోని మెతుకులన్నీ పట్టి చూడం కదా! కాని పైనున్న మెతుకు ఒక్కటి చూస్తే చాలదు. అక్కడక్కడ కలిపి చూడాలి. అడవిలో కూడా అక్కడక్కడ నమూనా వలయాలు ఏర్పరుస్తారు. నడుమ ఒక గుంజ పాతి, 17.84 మీటర్ల తాడుతో వృత్తం గీస్తే దాని వైశాల్యం దాదాపు 1000 చదరపు మీటర్లు, అంటే హెక్టారులో పదోవంతు అవుతుంది. వృత్తవైశాల్యం సూత్రంతో మీరే సరిచూసుకోండి. 1000 హెక్టార్ల అడవిలో ఇలాంటివి 100 ఏర్పరిస్తే నూటికి ఒక వంతు అడవిని కొలిచినట్లు.

ఆ వలయంలోని ప్రతి చెట్టు చుట్టుకొలతను టేపుతో కొలుస్తారు. ఎక్కడ కొలవాలి? మన దేశంలో నేలనుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే సుమారు పెద్దవారి రొమ్ము ఎత్తున కొలుస్తారు. చెట్టు వాలుమీద ఉంటే ఎగువవైపు నిలబడి కొలవాలి. అందరూ ఒకే ఎత్తున కొలిస్తేనే ఈ ఏటి కొలతను వచ్చే ఏటి కొలతతో పోల్చడానికి వీలవుతుంది. చుట్టుకొలత 94.2 సెంటీమీటర్లు ఉంటే వ్యాసం 30 సెంటీమీటర్లు. కొన్ని సంవత్సరాల తర్వాత అదే వలయానికి వచ్చి అవే చెట్లను కొలిస్తే ఎంత పెరిగాయో, అంటే వడ్డీ ఎంతో, తెలిసిపోతుంది.

టేకు వంటి చెట్లలో ఇంకో సౌకర్యం ఉంది. వాటికి ఏటా ఒక వలయం చొప్పున స్పష్టంగా ఏర్పడుతుంది. బోలుగా ఉన్న సన్నని బరమాను చెట్టులోకి తిప్పి, పెన్సిలంత సన్నని కలప ముక్కను బయటికి లాగి, వలయాలను లెక్కిస్తారు. చెట్టును కొట్టకుండానే వయస్సు, పెరిగిన వేగం రెండూ తెలుస్తాయి.

ఒక చిన్న చిక్కు లెక్క

కొట్టిన దుంగలను కొలిచేటప్పుడు మన దేశంలో పాతకాలంనుంచి ఒక సులభ పద్ధతి వాడుకలో ఉంది. చుట్టుకొలతలో నాలుగోవంతు తీసుకుని, దాన్ని వర్గంచేసి, పొడవుతో గుణిస్తారు. చుట్టుకొలత 120 సెంటీమీటర్లు, పొడవు 3 మీటర్లు ఉన్న దుంగను తీసుకుందాం. నాలుగోవంతు 30 సెంటీమీటర్లు, అంటే 0.3 మీటరు. దాని వర్గం 0.09. మూడుతో గుణిస్తే 0.27 ఘనమీటరు.

ఇప్పుడు మీరు బడిలో నేర్చిన స్తూపం సూత్రంతో లెక్కకట్టండి. జవాబు సుమారు 0.344 ఘనమీటరు వస్తుంది. పాత పద్ధతిలో వచ్చేది నిజమైన పరిమాణంలో 78.5 శాతమే! బెరడు, కోతలో పోయే పొట్టు వగైరాలకు ఆ తేడా సరిపోతుందని అంటారు. అది వేరే విషయం. కాని అడవిలో పెరుగుదలను ఒక సూత్రంతో, డిపోలో దుంగలను ఇంకో సూత్రంతో లెక్కిస్తే ఏమవుతుంది? ఎవరూ దొంగతనం చేయకపోయినా పుస్తకంలో అయిదోవంతుకు పైగా కలప మాయమైపోతుంది! అందుకే ఆడిటరు అడగవలసిన ప్రశ్నలలో ఒకటి, “ఈ అంకె ఏ సూత్రంతో వచ్చింది?” అనేది.

ప్రశ్నపత్రం ఒకరిది, దిద్దేది వేరొకరు

1992లో బ్రెజిల్‌లోని రియో నగరంలో ధరిత్రి శిఖరాగ్ర సదస్సు జరిగింది. అడవులను కాపాడేందుకు అన్ని దేశాలూ తప్పక పాటించవలసిన ఒప్పందం అక్కడ కుదరలేదు. ఆ మరుసటి ఏడు, 1993లో, పర్యావరణ సంస్థలు, కలప వ్యాపారులు, ఆదివాసుల ప్రతినిధులు కలిసి ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ అనే సంస్థను స్థాపించారు. ఎఫ్.ఎస్.సి. అంటే అదే. దాని ముఖ్య కార్యాలయం ఇప్పుడు జర్మనీలోని బాన్ నగరంలో ఉంది. అందులో సభ్యులు మూడు సభలుగా ఉంటారు: వ్యాపార సభ, ప్రజల బాగోగులు చూసే సభ, పర్యావరణ సభ. మూడింటికీ ఓట్ల బలం సమానం. కనుక ఏ ఒక్క పక్షమూ తన ఇష్టం వచ్చినట్లు నిబంధనలు రాయలేదు. ఈ సంస్థ 10 మూల సూత్రాలను ఏర్పరచింది. చట్టాలను పాటించడం, కూలీల హక్కులు, ఆదివాసుల హక్కులు, వన్యప్రాణులు, నీరు, నేల—అన్నీ వాటిలోకి వస్తాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించండి. నిబంధనలు రాసేది ఈ సంస్థే అయినా అడవికి వెళ్ళి పరీక్షించేది మాత్రం వేరే ఆడిట్ సంస్థలు. ఆ ఆడిట్ సంస్థలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసేది మరో సంస్థ. మన పబ్లిక్ పరీక్షలను తలచుకోండి. ప్రశ్నపత్రం తయారుచేసేది ఒకరు, దిద్దేది వేరొకరు, దిద్దినవారిని సరిచూసేది ఇంకొకరు. ఒకరి తప్పు మరొకరికి దొరకాలనే ఈ ఏర్పాటు.

ఎఫ్.ఎస్.సి. ఒక్కటే కాదు. 1999లో యూరప్‌లో పి.ఇ.ఎఫ్.సి. అనే మరో పద్ధతి మొదలయింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2023 డిసెంబరులో భారతీయ అటవీ, కలప ధ్రువీకరణ పథకాన్ని ప్రకటించింది. దీని నిర్వహణ బాధ్యత భోపాల్‌లోని భారత అటవీ నిర్వహణ సంస్థది.

పరీక్ష రోజున

భద్రాచలం దగ్గర సారపాకలోనూ, రాజమహేంద్రవరంలోనూ పెద్ద కాగితం మిల్లులున్నాయి. వాటికోసం చుట్టుపక్కల జిల్లాల్లో జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటలు పెంచుతారు. అలాంటి ఒక జామాయిల్ తోటకు ఆడిటర్లు వచ్చారనుకుందాం. వారి వెంట మీరూ నడవండి.

మొదట పటాలు, రిజిస్టర్లు తెరుస్తారు. భూమి ఎవరిది? ఎప్పుడు నాటారు? అంతకుముందు అక్కడ ఏముండేది? సహజమైన అడవిని నరికి, ఆ చోట ఈ తోట వేశారా? ఈ ప్రశ్నకు నోటిమాట చాలదు. 1972నుంచి ఉపగ్రహాలు భూమిని ఫొటోలు తీస్తూనే ఉన్నాయి. పాత చిత్రాన్ని, కొత్త చిత్రాన్ని పక్కపక్కన పెడితే అబద్ధం బయటపడుతుంది.

తర్వాత తోటలోకి నడుస్తారు. ఎక్కడికి వెళ్ళాలో తోట యజమాని కాదు, ఆడిటరే నిర్ణయిస్తాడు. వాగు కనిపిస్తే గట్టు వెంట చెట్లను వదిలారా అని చూస్తాడు. వదలకపోతే తొలకరి వానకే మట్టి వాగులోకి కొట్టుకుపోతుంది. తొర్రలున్న ముసలి చెట్లను ఉంచారా అని చూస్తాడు. గుడ్లగూబలకు, చిలకలకు అవే ఇళ్ళు. పురుగుమందుల గదికి తాళం ఉందా, ఖాళీ డబ్బాలను ఏం చేస్తున్నారని అడుగుతాడు.

ఇక చెట్లు కొట్టిన చోటు. చెట్టు పోయినా మోడు మిగులుతుంది! రిజిస్టరులో 200 చెట్లు కొట్టినట్లు ఉండి, నేలమీద 260 మోడులుంటే ఆ 60 ఎక్కడికి పోయినట్లు? ప్రభుత్వ అడవుల్లో అయితే కొట్టవలసిన చెట్టుకు ముందే మొదట్లో ఇనుప సుత్తితో ముద్రవేస్తారు. ముద్రలేని మోడు కనిపించిందంటే అది దొంగ నరుకుడే.

తర్వాత మనుషుల వంతు. కూలీలతో ఆడిటరు విడిగా మాట్లాడతాడు. మేస్త్రీ ఎదురుగా ఉంటే నిజం పెదవి దాటదు కదా! కూలి సక్రమంగా ఇస్తున్నారా? ఆడవారికీ మగవారికీ సమానంగా ఇస్తున్నారా? రంపం పట్టేవారికి తలకు టోపీ, కాళ్ళకు బూట్లు ఉన్నాయా? తాగే నీళ్ళున్నాయా? బడి ఈడు పిల్లలెవరైనా పనిచేస్తున్నారా? తర్వాత ఊళ్ళోకి వెళతాడు. పశువుల దారి మూసేశారా, కట్టెలు ఏరుకోనిస్తున్నారా, దేవుడి చెట్టుజోలికి వెళ్ళారా అని విచారిస్తాడు. మొదటి పెద్ద ఆడిట్‌కు ముందు చుట్టుపక్కలవారికి ఆ సంగతి తెలియజేసి అభిప్రాయాలు అడగాలన్న నియమం కూడా ఉంది.

పరీక్ష ఫలితాలు

చివరిరోజు ఆడిటరు తాను చూసిన లోపాలను చదివి వినిపిస్తాడు. లోపాలు రెండు రకాలు. ఒక రిజిస్టరులో రెండు తేదీలు తప్పితే అది చిన్న లోపం. దాన్ని ఏడాదిలోగా సరిదిద్దుకోవాలి. వాగు గట్టున చెట్లన్నీ నరికేస్తేనో, కూలి ఎగ్గొడితేనో అది పెద్ద లోపం. దానికి మూడు నెలలే గడువు. చిన్న లోపమే కదా అని ఏడాదిపాటు పట్టించుకోకపోతే అది పెద్ద లోపంగా మారుతుంది!

ఉత్తీర్ణులైన వారికి ధ్రువపత్రం ఇస్తారు. దాని ఆయుష్షు అయిదేళ్ళు. అయితే అయిదేళ్ళు నిశ్చింతగా నిద్రపోవచ్చునని కాదు. సాధారణంగా ఏడాదికొకసారి మళ్ళీ తనిఖీ ఉంటుంది. ఫలితాల సారాంశాన్ని ఎవరైనా చదువుకునేలా ప్రకటించాలి.

రెండెకరాల రైతు ఈ ఖర్చు భరించగలడా? భరించలేడు. అందుకని వందలమంది రైతులు ఒక సంఘంగా చేరి ఒకే ధ్రువపత్రం తీసుకోవచ్చు. ఆడిటరు అన్ని పొలాలకూ వెళ్ళడు. సభ్యుల సంఖ్యకు వర్గమూలం ఆధారంగా ఎన్ని పొలాలు చూడాలో లెక్కకడతారు. 400కు వర్గమూలం 20 కదా. మీరు లెక్కల పుస్తకంలో చేసే వర్గమూలాలు ఇలాంటి పనికి కూడా వస్తాయి!

పాలవాడి లెక్క

తోట మంచిదైతే చాలదు. ఆ తోట కలపే మీ పుస్తకంలోకి వచ్చిందని ఏమిటి నమ్మకం? దారిలో వేరే కలప కలిపేస్తే? అందుకే లారీ, డిపో, మిల్లు, పుస్తకాలు కుట్టే కార్ఖానా—కలప చేతులు మారే ప్రతిచోటా లెక్క ఉండాలి.

ఒక పాలవాడు పొద్దున పది లీటర్ల పాలు కొని, పద్నాలుగు లీటర్లు అమ్మాడనుకోండి. నీళ్ళు కలుపుతుండగా మీరు చూడనక్కరలేదు, లెక్కే చెబుతుంది. కాగితం మిల్లు సంగతీ అంతే. రసాయనాలతో ఉడికించే పద్ధతిలో 100 టన్నుల పొడి కలపనుంచి సుమారు 45 నుంచి 50 టన్నుల గుజ్జే వస్తుంది. ధ్రువపత్రమున్న కలప 100 టన్నులు కొని, అదే గుర్తుతో 80 టన్నుల గుజ్జు అమ్మితే ఎక్కడో ‘నీళ్ళు’ కలిసినట్లే!

లెక్కలు కూడా దొంగవైతే? అప్పుడు ప్రయోగశాల ఉంది. ఒక్కొక్క జాతి చెట్టులో కణాల అమరిక ఒక్కొక్క రకంగా ఉంటుంది. కలప పొరను సూక్ష్మదర్శిని కింద పెడితే జాతి తెలుస్తుంది. కాగితంలోని నారపోగులనుంచి, చివరికి బొగ్గునుంచి కూడా కలప ఏ రకానిదో నిపుణులు చెప్పగలరు. జర్మనీలోని ట్యూనెన్ సంస్థ ఈ పనికి పేరుపొందింది.

పరీక్షలోనూ లోపాలు

అయితే ఈ పరీక్షను గుడ్డిగా నమ్మవచ్చునా? నమ్మకూడదు. మొదటి లోపం: ఆడిటరుకు రుసుం చెల్లించేది పరీక్ష రాసేవారే. కఠినంగా దిద్దితే వచ్చే ఏడు వేరే సంస్థను పిలుస్తారేమోనన్న భయం ఉండవచ్చు. రెండవది: ఆడిటరు ఉండేది కొద్దిరోజులు. తక్కిన రోజుల్లో ఏం జరుగుతుందో నేల, మోడులు, మనుషులు చెప్పాలి. మూడవది: నమూనాలో పడని చోట తప్పు దాగి ఉండవచ్చు.

ఇండోనేషియాలోని జావా ద్వీపపు టేకు తోటల కథ వినండి. 1990లో స్మార్ట్‌వుడ్ అనే పథకం ప్రపంచంలోనే తొలి ధ్రువపత్రాలలో ఒకదాన్ని ఆ తోటలకు ఇచ్చింది. తర్వాతి సంవత్సరాల్లో అక్కడ దొంగ నరుకుళ్ళు పెచ్చుపెరిగాయి. చుట్టుపక్కల ప్రజలతో తగవులు ముదిరాయి. 2001లో ఆ ధ్రువీకరణను నిలిపివేశారు. ఈ కథను రెండు విధాల చదవవచ్చు. మంచి పేరున్న తోట కూడా పదేళ్ళలో చెడిపోగలదు—అది ఒకటి. ఇచ్చిన ధ్రువపత్రాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం ఉంటేనే పరీక్షకు విలువ—అది రెండవది. ఎఫ్.ఎస్.సి.ని మొదట్లో బలపరిచిన గ్రీన్‌పీస్ సంస్థ, ఈ పద్ధతి అడవులను తగినంతగా కాపాడడంలేదంటూ 2018లో బయటికి వచ్చింది.

మరి ఈ లోపాలకు మందేమిటి? ఎక్కువమంది కళ్ళు. ఊరివారు ఫిర్యాదు చేస్తే విచారించి తీరాలి. అడవిని రోజూ చూసే పశులకాపరికి తెలిసినంత సంగతి, నాలుగు రోజులు ఉండిపోయే ఆడిటరుకు తెలియదు. ఆ పశులకాపరిని అడిగి తెలుసుకునేవాడే మంచి ఆడిటరు.

మీరూ ఆడిటర్లే

ఈ పని మీరు చేసి చూడండి. బడి ఆవరణలోనో, ఊరి తోపులోనో ఒక గుంజ పాతండి. 5.64 మీటర్ల తాడుతో వృత్తం గీయండి. దాని వైశాల్యం 100 చదరపు మీటర్లు. అందులోని ప్రతి చెట్టుకు ఒక సంఖ్య ఇచ్చి, 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత తీసి, తేదీతో సహా నోటుపుస్తకంలో రాయండి. మోడులుంటే వాటినీ లెక్కపెట్టండి. మీ మిత్రుణ్ణి పిలిచి, మీ అంకెలు చూపకుండా అతనిచేత కూడా కొలిపించండి. ఇద్దరి కొలతల్లో తేడా ఎంతో చూడండి. ఆ తేడా చూస్తే, ఒక్కరి కొలతనే ఎందుకు నమ్మకూడదో మీకే బోధపడుతుంది.

వచ్చే ఏడు అదే తేదీన మళ్ళీ కొలవండి. వడ్డీ ఎంత వచ్చిందో తెలుస్తుంది. ఒకవేళ మీ అయిదో నంబరు చెట్టు ఉండవలసినచోట మోడు కనిపిస్తే, దాన్ని ఎవరు కొట్టారు, ఎవరి అనుమతితో కొట్టారు, దాని బదులు ఏం నాటారు అని పెద్దలను అడగండి. ఆడిటరు అడవికి వెళ్ళి అడిగేది కూడా ఆ మూడు ప్రశ్నలే.